గీజర్‌కి స్మార్ట్ ప్లగ్ పెడుతున్నారా? ముందు గోడలో ఉన్న వైరు సంగతి చూడండి

పోయిన డిసెంబర్‌లో ఒక రోజు పొద్దున ఐదూ నలభైకి అమ్మ ఫోన్ చేసింది. నేను హైదరాబాద్‌లో రూమ్‌లో నిద్రపోతున్నా.

"చిన్నా, బాత్రూమ్ బయట బోర్డు కాడ ప్లాస్టిక్ మండిన వాసన వస్తున్నదిరా. నువ్వు పెట్టిన డబ్బా ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది."

నిద్రమత్తులోనే యాప్ తెరిచా. 223 వోల్టులు, 8.4 ఆంపియర్లు, 1880 వాట్లు. పక్కన ఆకుపచ్చ చుక్క, దాని కింద "నార్మల్". వనపర్తిలో బోర్డు కాలిపోతోంది, హైదరాబాద్‌లో నా ఫోన్ మాత్రం అంతా బాగానే ఉందంటోంది. వెంటనే యాప్‌లో ఆఫ్ చేసి, మెయిన్ కూడా దించేయమని అమ్మకి చెప్పా.

ఆ స్మార్ట్ ప్లగ్ దసరా సెలవులకి వెళ్లినప్పుడు నేనే పెట్టి వచ్చా. 16 ఆంపియర్లది, ఎనర్జీ మానిటరింగ్ ఉన్నది. పొద్దున ఐదుంపావుకి దానంతటదే ఆన్ అవుతుంది, అమ్మ స్కూల్‌కి రెడీ అయ్యేసరికి వేడి నీళ్లు ఉంటాయి. కొనే ముందు పది రివ్యూలు చదివా. వైఫై రేంజ్ ఎంత, వాయిస్ అసిస్టెంట్‌తో ఎలా పనిచేస్తుంది, యాప్ ఎంత స్మూత్‌గా ఉంది అని అన్నిట్లో రాశారు. ప్లగ్ వెనక గోడలో ఏ వైరు ఉండాలో ఒక్కదాంట్లోనూ లేదు. నాకూ ఆ ప్రశ్న రాలేదు. బీటెక్‌లో బేసిక్ ఎలక్ట్రికల్ పేపర్ పాసయ్యా కూడా! అందుకే ఈ ఆర్టికల్ గాడ్జెట్ గురించి కాదు, దాని వెనకున్న వైరు గురించి.

డల్లాస్ థర్మోస్టాట్ ఇచ్చిన ఓవర్ కాన్ఫిడెన్స్

నా ధైర్యానికి ఒక కారణం ఉంది. మా పెద్దమ్మ కూతురు డల్లాస్‌లో ఉంటుంది. రెండేళ్ల కింద వాళ్లింట్లో స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టుకుంటుంటే వీడియో కాల్‌లో నేనే గైడ్ చేశా. గోడ మీద పాత డబ్బా తీస్తే నాలుగైదు సన్నటి రంగు వైర్లు. ఒక్కోదాన్నీ దాని అక్షరం ఉన్న రంధ్రంలో గుచ్చితే అయిపోయింది. ఇరవై నిమిషాల పని. "థర్మోస్టాట్ అంటే ఇంతేనా" అనిపించింది.

2011లో నెస్ట్ వచ్చాక అమెరికాలో ఈ పని జనం తామే చేసుకోవడం బాగా పెరిగింది. 2014లో గూగుల్ ఆ కంపెనీని 3.2 బిలియన్ డాలర్లకి కొన్నది. అయితే అక్కడ అంత ఈజీ కావడానికి అసలు కారణం యాప్ కాదు, ఆ వైర్లలో ఉన్న వోల్టేజ్. అక్కడి చాలా ఇళ్లలో ఫర్నేస్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. థర్మోస్టాట్‌కి వచ్చేది 24 వోల్టులే. ఆర్ అనే వైరులో ఆ 24 వోల్టులు వస్తాయి, థర్మోస్టాట్ దాన్ని డబ్ల్యూకి కలిపితే హీటర్ ఆన్, వైకి కలిపితే ఏసీ ఆన్. పెద్ద లోడ్‌ని మోసేది ఎక్కడో ఉన్న రిలే, కాంటాక్టర్. థర్మోస్టాట్ ఆర్డర్ మాత్రమే వేస్తుంది. ఆర్డర్ వేయడానికి 18 గేజ్ వైరు, అంటే మన లెక్కలో 0.8 స్క్వేర్ ఎంఎం, ఎక్కువే.

మన వైపు ఇళ్లను వేడి చేసే సిస్టమ్ ఉండదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఏడాదిలో పది నెలలు ఇల్లు ఎలా చల్లబడుతుందా అనేదే చింత. ఇక్కడ థర్మోస్టాట్ అంటే గీజర్‌లోదే. గీజర్ కింద మూత తీస్తే కనిపిస్తుంది (మెయిన్ దించాకే తీయండి). 230 వోల్టుల ఫేజ్ నేరుగా థర్మల్ కటౌట్‌లోకి, అందులోంచి థర్మోస్టాట్‌లోకి, అక్కణ్నుంచి హీటింగ్ ఎలిమెంట్‌కి వెళ్తుంది. మధ్యలో రిలే లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. ఆర్డర్ వేసేదీ అదే, మూట మోసేదీ అదే. దానికి ముందు మనం పెట్టే స్మార్ట్ ప్లగ్ కూడా అదే మూట మోయాలి. ప్లగ్ వెనక సాకెట్, స్క్రూ, వైరు, ఎంసీబీ అన్నీ మోయాలి. ఈ వరుసలో ఏది బలహీనంగా ఉంటే వేడి అక్కడ తేలుతుంది.

కాలింది వైరు కాదు

ఆ శనివారం ఊరికి వెళ్లా. మా వీధి ఎలక్ట్రీషియన్ మామని పిలిచా. మెయిన్ దించి, టెస్టర్ పెట్టి చూసుకుని, బోర్డు విప్పాడు. 1998లో కట్టిన ఇల్లు, అప్పటి సాకెట్. ఫేజ్ స్క్రూ నల్లబడి ఉంది. వైరు మీది ఇన్సులేషన్ రెండంగుళాలు బొగ్గయింది. ఆ పైన వైరు మాత్రం కొత్తదానిలా ఉంది.

"వైరు మండలే సారూ, స్క్రూ మండింది" అన్నాడు మామ. నేను బీటెక్ అని తెలిసినప్పటి నుంచీ నన్ను సారూ అనే పిలుస్తాడు, అందులో కొంచెం వెటకారం ఉందని నా అనుమానం.

లెక్క చూద్దాం. గీజర్ 2000 వాట్లు. 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. మా గోడలో ఉన్నది 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. ఈ సైజు వైరుకి మీటరుకి సుమారు 12 మిల్లీ ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. మా మెయిన్ బోర్డు నుంచి బాత్రూమ్ దాకా 12 మీటర్లు, పోను రాను 24 మీటర్లు. మొత్తం 0.29 ఓమ్. కరెంటుని కరెంటుతో గుణించి, దాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే వేడి వస్తుంది, ఇంటర్‌లో చదువుకున్నదే. మా ఇంట్లో 8.4 ఆంపియర్లు పోతున్నాయి కాబట్టి మొత్తం వైరులో పుట్టే వేడి 20 వాట్లు. 12 మీటర్ల దారి పొడవునా పరుచుకుంటుంది కాబట్టి మీటరుకి రెండు వాట్లు కూడా రావు. గోడ దాన్ని సులువుగా తాగేస్తుంది.

ఇప్పుడు స్క్రూ సంగతి. ఇరవై ఏళ్లలో కొంచెం వదులైంది, రాగి పైన నలుపు పట్టింది. దానికి తోడు నా స్మార్ట్ ప్లగ్ బరువైనది. దాని వెనక గీజర్ ప్లగ్ కూడా వేలాడుతోంది. ఆ బరువుకి సాకెట్‌లోని స్ప్రింగులు రోజుకింత సడలాయి. జాయింట్ దగ్గర 0.4 ఓమ్ పుట్టిందనుకోండి, అదే 8.4 ఆంపియర్లకి 28 వాట్లు. మన ల్యాబుల్లో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు! అంటే రోజూ పొద్దున నలభై నిమిషాలు ఒక సోల్డరింగ్ ఐరన్‌ని ఆన్ చేసి అమ్మ చేతికందే దూరంలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసేసినట్టు. వేడికి స్ప్రింగ్ ఇంకా సడలుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

ఫోన్ చార్జర్‌కి ఇది ఎప్పుడూ సమస్య కాదు. మీ దగ్గర 100 వాట్ల ఫాస్ట్ చార్జర్ ఉన్నా గోడ నుంచి తీసుకునేది అర ఆంపియర్ చుట్టుపక్కలే. కరెంటు 17 రెట్లు పెరిగితే అదే జాయింట్‌లో వేడి 289 రెట్లు. గాడ్జెట్లు వాడే మనకి ఈ తేడా చేతికి తెలియదు, రెండూ "ప్లగ్ పెట్టి స్విచ్ వేయడమే" కదా.

యాప్ చెప్పింది, నేనే చదవలేదు

తర్వాత యాప్ హిస్టరీ డౌన్‌లోడ్ చేసి చూశా. అక్కడ నాకు సిగ్గేసింది.

ప్లగ్ ప్రతి నిమిషం వోల్టేజ్ కూడా రాసుకుంటోంది. అక్టోబర్‌లో గీజర్ ఆన్ అవ్వక ముందు 231 ఉంటే, ఆన్ అయ్యాక 226. ఐదు వోల్టుల తేడా. నవంబర్ చివరికి అది ఆరున్నర. అమ్మ ఫోన్ చేసిన రోజు 231 నుంచి 223కి, ఎనిమిది వోల్టులు. అదే గీజర్, అదే వైరు, రెండు నెలల్లో తేడా అలా పెరుగుతూ వచ్చింది.

ఈ ఎనిమిది ఎక్కడ పోయాయో విడగొట్టొచ్చు. మెయిన్ బోర్డు దగ్గర మల్టీమీటర్ పెట్టి అంతే లోడ్‌తో తర్వాత కొలిచాం, అక్కడ పడిపోయేది రెండు వోల్టులే, అది స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు లెక్క. గోడలో వైరుకి 8.4 ఇంటూ 0.29, అంటే దాదాపు రెండున్నర. మిగిలిన మూడున్నర వోల్టులు జాయింట్లవే. మూడున్నర ఇంటూ 8.4, సుమారు 30 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ లెక్క సరిపోయింది.

మీ ఇంట్లో ఎనర్జీ మానిటరింగ్ ఉన్న ప్లగ్ ఉంటే ఈ పని ఇవాళే చేయొచ్చు. గీజర్ ఆన్ అయ్యే ముందు క్షణం, ఆన్ అయిన తర్వాత క్షణం వోల్టేజ్ రాసుకోండి. వీధిలో వోల్టేజ్ పొద్దంతా మారుతూనే ఉంటుంది, కాబట్టి ఆ రెండు క్షణాలే పోల్చాలి. రెండు మూడు వోల్టులు తేడా ఉంటే పర్వాలేదు. ఆరు దాటినా, వారం వారం పెరుగుతున్నా, మెయిన్ దించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. నాకు తెలిసి ఏ యాప్ కూడా ఈ తేడాని నోటిఫికేషన్‌గా పంపడం లేదు. డెవలపర్లు ఎవరైనా చదువుతుంటే, ఇది పది లైన్ల కోడ్.

మరి ఏ వైరు?

1.5 వైరు కాగితం మీద 8.7 ఆంపియర్లు మోస్తుంది, మా ఇంట్లో మోసింది కూడా. అయినా గీజర్‌కి దాన్ని నేను ఒప్పుకోను. ఎందుకంటే గోడలో పైపు లోపల నాలుగైదు వైర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి, ఒకదాని వేడి ఇంకోదానికి. మన ఊళ్లలో అర్ధరాత్రి దాటాక వోల్టేజ్ 250 కూడా కనిపిస్తుంది. 2000 వాట్ల గీజర్ 250 వోల్టుల దగ్గర 2360 వాట్లు లాగుతుంది, ఎందుకంటే పవర్ వోల్టేజ్ స్క్వేర్‌తో పెరుగుతుంది. పైగా ఈ గీజర్ పోయాక వచ్చేది 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ కావచ్చు, అది 13 ఆంపియర్లు. గోడలో వైరు మాత్రం అదే ఉంటుంది.

16 ఆంపియర్ల పాయింట్‌కి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కనీసం. బోర్డు నుంచి దూరం ఎక్కువున్నా, 3 కిలోవాట్ల గీజర్ అయినా 4 వేయించండి. 13 ఆంపియర్లు, 15 మీటర్ల దూరం అనుకుంటే 1.5 వైరులో 61 వాట్లు వేడిగా పోతాయి, 2.5లో 38, 4లో 25. గోడ పగలగొట్టి మళ్లీ పూడ్చే కూలీ ఏ వైరుకైనా ఒకటే కాబట్టి నేను 4 వేయించా. మెయిన్ బోర్డు నుంచి గీజర్ దాకా వేరే లైను, మధ్యలో జాయింట్ లేకుండా. మామ మొదట "పాతదానికే జోడిద్దాం సారూ, చేతికి చుట్టి టేపు వేస్తే గట్టిగుంటది" అన్నాడు. టేపు మాట వినగానే ఆ నల్లబడ్డ స్క్రూ తీసి చూపించా. నవ్వి, కొత్త లైను లాగాడు.

కొనేటప్పుడు వైరు మీద ఐఎస్ 694 అని, ఐఎస్ఐ మార్క్‌తో పాటు సీఎం/ఎల్ నంబర్ అచ్చు వేసి ఉందో లేదో చూడండి. ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్స్ ఎవరిదో, నడుస్తోందో లేదో వచ్చేస్తుంది. షాపులో నిలబడే చూడొచ్చు, ఐఎమ్ఈఐ చెక్ చేసినంత ఈజీ. సాకెట్, ప్లగ్‌లకి ఐఎస్ 1293, స్టోరేజ్ గీజర్‌కి ఐఎస్ 2082.

షాపతను "ఎఫ్ఆర్ కావాలా, ఎఫ్ఆర్ఎల్ఎస్ కావాలా" అని అడుగుతాడు. ఎఫ్ఆర్ అంటే మంట వైరు పొడవునా పాకకుండా ఆపేది. ఎల్ఎస్ అంటే పొగ తక్కువ. మామూలు పీవీసీ కాలితే నల్లటి పొగతో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తుల్లో తడి తగిలితే అది యాసిడే. పొగ ఎంత ప్రమాదమో నాగర్‌కర్నూల్ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టు 20 రాత్రి దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. సొరంగమంతా దట్టంగా పొగ నిండి రెస్క్యూ టీములు లోపలికి వెళ్లడానికే గంటల తరబడి కష్టపడ్డాయి. 900 మెగావాట్ల కేంద్రానికీ మన బాత్రూమ్ బోర్డుకీ పోలిక లేదు, కానీ మూసి ఉన్న చోట పొగ చేసేది ఒకటే. కిటికీ చిన్నగా ఉండే పాత ఇళ్లలో నేను ఎఫ్ఆర్ఎల్ఎస్‌కే ఓటేస్తా.

రంగుల దగ్గర ఒక తిరకాసు ఉంది. గోడలోంచి వచ్చే వైర్లలో మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులు, నలుపు న్యూట్రల్. గీజర్‌తో వచ్చే కార్డులో మాత్రం బ్రౌన్ ఫేజ్, నీలం న్యూట్రల్. గోడలో నీలం, కార్డులో నీలం కనిపించగానే రెండూ ఒకటే అనుకుని కలిపేవాళ్లు ఉన్నారు. త్రీ ఫేజ్ ఉన్న ఇంట్లో అది పెద్ద తప్పు. రంగుని నమ్మొద్దు, టెస్టర్‌తో చూశాకే ఏదైనా.

32 ఎందుకు పెట్టారు?

మా మెయిన్ బోర్డులో ఆ లైనుకి 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. ఎవరు పెట్టారో నాన్నకే గుర్తుంది. కొన్నేళ్ల కింద గీజర్, మోటారు ఒకేసారి వేస్తే 16 ఎంసీబీ ట్రిప్ అవుతుండేదట. అప్పుడు వచ్చినాయన "పెద్దది పెడితే పడదు" అని మార్చి పోయాడు. నిజంగానే పడలేదు. కానీ ఎంసీబీ ఉన్నది గీజర్ కోసం కాదు, గోడలో వైరు కోసం. 1.5 వైరులో 25 ఆంపియర్లు పోతున్నా ఈ 32 ఎంసీబీ కదలదు, లోపల వైరు ఉడుకుతుంటుంది. ఒకప్పుడు ఫ్యూజు పోతే పాత వైరులోంచి నాలుగు పోగులు తీసి చుట్టేవాళ్లు కదా, ఇదీ అదే పని, కాకపోతే ప్లాస్టిక్ డబ్బాలో.

ఎంసీబీ నంబర్ లోడ్ కంటే ఎక్కువ, వైరు మోయగలిగినదాని కంటే తక్కువ ఉండాలి. గీజర్‌కి 16 చాలు. పడుతోందంటే లోడ్ విడదీయాలి. ఒక మాట, వదులైన స్క్రూని ఏ ఎంసీబీ కూడా పట్టుకోదు. మా ఇంట్లో 16 ఉన్నా ఆ రోజు పడేది కాదు, ఎందుకంటే కరెంటు 8.4 మాత్రమే. కొత్త గీజర్ పెట్టేటప్పుడు మీ కరెంటు బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్ ఎంతుందో కూడా చూసుకోండి, చాలా పాత కనెక్షన్లకి ఒక కిలోవాటే ఉంటుంది.

నాగర్‌కర్నూల్ రూమ్‌లో మూడో రంధ్రం

మా ఇంటి కథ విని నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం చేసే నా బీటెక్ దోస్త్ "మా రూమ్‌ కూడా చూడరా" అన్నాడు. అద్దె పోర్షన్. గీజర్ నల్లా ముట్టుకుంటే అప్పుడప్పుడు చిన్నగా జుమ్మంటోందట. వాడు చెప్పులేసుకుని స్నానం చేస్తున్నాడు!

సాకెట్ విప్పించి చూస్తే ఎర్త్ రంధ్రానికి ఆకుపచ్చ వైరే లేదు. న్యూట్రల్ స్క్రూ నుంచి చిన్న ముక్క తెచ్చి ఎర్త్ స్క్రూకి కలిపేశారు. టెస్టర్‌కి, మామూలు సాకెట్ టెస్టర్‌కి కూడా అది సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ వైరు ఊడిందనుకోండి, ఎలిమెంట్ గుండా వచ్చిన ఫేజ్ ఆ ముక్కలోంచి నేరుగా గీజర్ బాడీకి, నల్లాకి, నీళ్లకి వస్తుంది. నాకు ఈ మూడు ఇళ్లలో అన్నిటికంటే భయం వేసింది ఇక్కడే. ఆ రోజే వాడి చేత గీజర్ ఆపించి, ఓనర్ అంకుల్‌తో మాట్లాడించా. ఆయన మొదట "పదేండ్ల సంది గట్లనే ఉన్నది బాబూ, ఎవరికేం కాలే" అన్నారు. కానీ మంచాయన, వారంలో ఎర్త్ గుంత తవ్వించారు.

ఎర్త్ ఉంటే సరిపోదు, అది పాలమూరు నేల అని గుర్తుంచుకోవాలి. రాతి నేల, ఎండాకాలం గుంత పూర్తిగా ఆరిపోతుంది. ఎర్త్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌లకి పెరిగిందనుకోండి. గీజర్ బాడీకి ఫేజ్ తగిలితే ఎర్త్‌లోకి పోయేది 230 బై 10, అంటే 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ 23 దగ్గర వెంటనే పడదు, గంట దాకా ఆలోచించుకోవచ్చు. అంతసేపూ బాడీ మీద కరెంటు ఉంటుంది. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది వెళ్లిన కరెంటునీ తిరిగొచ్చిన కరెంటునీ పోల్చి చూస్తుంది, తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే లైను తెంపేస్తుంది. 23 ఆంపియర్ల ముందు అది ఎంత చిన్నదో చూడండి. పని చేయడానికి దానికి ఎర్త్ అక్కర్లేదు. కానీ ఎర్త్ లేకపోతే ఆ తేడా మొదట వచ్చేది మనిషి ఒంట్లోంచి. ఎర్త్ ఉంటే మనిషి ముట్టుకోకముందే పడుతుంది. రెండూ కావాలి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. గుంతలో వారానికో బిందె నీళ్లు పోయండి.

స్మార్ట్ స్విచ్ మాడ్యూల్ పెట్టేవాళ్లకి ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. మాడ్యూల్‌కి న్యూట్రల్ కావాలి, పాత స్విచ్ బాక్సుల్లో కొన్నిచోట్ల న్యూట్రల్ ఉండదు. అమెరికాలో సీ వైర్ లేదని తిప్పలు పడేది ఇలాంటి కారణానికే. అక్కడ 24 వోల్టుల వ్యవహారం కాబట్టి అడాప్టర్ కొంటారు. ఇక్కడ కొందరు ఎర్త్ వైరునే న్యూట్రల్‌గా వాడేస్తారు. మాడ్యూల్ పనిచేస్తుంది, కానీ అక్కడినుంచి ఆ ఎర్త్‌కి కలిసి ఉన్న ప్రతి వస్తువు బాడీ ప్రమాదంలో పడుతుంది. చేయొద్దు, చేయనివ్వొద్దు.

రాడ్‌కి స్మార్ట్ ప్లగ్: వద్దే వద్దు

గద్వాలలో మా మేనత్త వాళ్లింట్లో గీజర్ లేదు, బకెట్‌లో రాడ్ పెట్టుకుంటారు. నా ప్లగ్ ముచ్చట విని "మాకూ ఒకటి తెచ్చివ్వు అల్లుడూ, పొద్దున్నే లేవనవసరం లేదు" అంది. వద్దత్తా అన్నా. గీజర్‌లో థర్మోస్టాట్ ఫెయిలైనా థర్మల్ కటౌట్ ఉంది, అదీ పోతే ప్రెషర్ వాల్వ్ ఉంది. మామూలు రాడ్‌కి ఏదీ లేదు. నీళ్లు లేని బకెట్‌లో ఉన్నా ఫోన్ ఆన్ అంటే ఆన్ అవుతుంది. నీళ్లు వేడెక్కాయా అని ఎవరైనా వేలు పెట్టిన నిమిషంలో టైమర్ ఆన్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా 1500 వాట్ల రాడ్ ఆరున్నర ఆంపియర్లు, చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌కి అదే ఎక్కువ. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో అసలే వద్దు. వాళ్ల బోర్డులోంచి బయటికొచ్చిన పాత వైరు గీకి చూస్తే తెల్లగా మెరిసింది, అల్యూమినియం. దాన్ని రాగికి చుట్టి కలిపితే జాయింట్ కొన్నాళ్లకి వదులై తీరుతుంది. ఆ ఇంటికి ముందు వైరింగ్ మార్చాలి, గాడ్జెట్ మాట తర్వాత.

ఇప్పుడు మా గోడ మీద ఏముంది

స్మార్ట్ ప్లగ్ తీసేశా. దానిలోని రిలే 16 ఆంపియర్లదే, కానీ రోజూ 8 ఆంపియర్లు తెంచుతూ కలుపుతూ ఉంటే ఏదో ఒక రోజు కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు యాప్‌లో ఆఫ్ అని ఉన్నా గీజర్ ఆన్‌లోనే ఉంటుంది. అందుకే డల్లాస్ పద్ధతే తెచ్చా. మెయిన్ బోర్డు పక్కన 25 ఆంపియర్ల రెండు పోల్ కాంటాక్టర్ పెట్టించా, ఫేజ్, న్యూట్రల్ రెండూ అదే తెంపుతుంది. స్మార్ట్ స్విచ్ ఆ కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడుపుతుంది, అంటే ఆర్డర్ మాత్రమే. కాయిల్ కూడా 230 వోల్టులదే కాబట్టి ఆ వైరు బెల్ వైరు కాదు, 1.5 ఐఎస్ఐ వైరే. బాత్రూమ్ బయట 20 ఆంపియర్ల డీపీ స్విచ్ విడిగా ఉంది. గీజర్ థర్మోస్టాట్, కటౌట్ జోలికి వెళ్లలేదు, స్మార్ట్ స్విచ్ ఉంది కదా అని వాటిని బైపాస్ చేసే ఐడియా ఎవరైనా ఇస్తే పరిగెత్తండి. టైమర్‌లో నలభై ఐదు నిమిషాల తర్వాత ఆటో ఆఫ్ పెట్టా. 25 లీటర్లని 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 2 కిలోవాట్ల గీజర్‌కి 35 నిమిషాలు పడుతుంది, ఆ పైన ఆన్‌లో ఉందంటే ఏదో తేడా ఉన్నట్టే.

ఈ పనులన్నీ మామ చేశాడు, నేను టార్చ్ పట్టుకున్నా. లైసెన్స్ ఉన్న మనిషి చేయాల్సిన పని ఇది, యూట్యూబ్ చూసి చేసేది కాదు. మనం చేయాల్సింది సరైన ప్రశ్నలు అడగడం, అయిపోయాక స్క్రూలు బిగించాడో లేదో ఒకసారి చూపించమనడం.

అయ్యాక మల్టీమీటర్ పెట్టి చూశాం. గీజర్ ఆన్ కాకముందు 231, ఆన్ అయ్యాక 228. నేను ఫోటో తీసుకుంటుంటే అమ్మ వచ్చి సాకెట్ ప్లేట్ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అట్లే ఉంచింది. ఇప్పటికీ రోజూ స్నానమయ్యాక అదే చేస్తుంది, తర్వాత నాకు వాట్సాప్‌లో ఒకే మాట పంపుతుంది: "సల్లగున్నది."